చూపు దారి మీద, ఆట ఒంటి మీద: వేరబుల్ గేమ్ డిజైన్‌ని అలిపిరి మెట్ల దగ్గర పెట్టి చూస్తే

తిరుపతి నుంచి తిరుమల కొండకి పోయే అలిపిరి మెట్ల దారిలో ఎక్కేవాళ్ళని గమనిస్తే ఖాళీ చెయ్యి దాదాపు కనపడదు. ఒక చేతిలో నీళ్ళ బాటిల్, ఇంకో చేతిని పట్టుకుని వేలాడతా పిల్లోడు, మెట్ల పూజ మొక్కుకున్నవాళ్ళైతే ప్రతి మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడతా పోతారు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పక్కన కమ్మీ పట్టుకునే ఎక్కుతారు. 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, అదీ చాలామంది చెప్పుల్లేకుండా. ఇట్లాంటి మనిషికి నడుస్తా ఆడుకునే గేమ్ ఒకటి తయారు చెయ్యాలంటే ఫోన్ స్క్రీన్ మీద నేర్చుకున్న పద్ధతులు సగానికి పైగా పనికిరావు. అసలు కొండ దారిలో గేమ్ ఆడొచ్చా అనే ప్రశ్న వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు శరీరం సంగతి చూద్దాం, ఎందుకంటే వేరబుల్, అంటే ఒంటికి కట్టుకునే వస్తువు, నిజంగా ఎంత పనికొస్తుందో తేలేది ఇట్లాంటి దారిలోనే, ఏసీ రూములో కుర్చీలో కూర్చుని టెస్ట్ చేస్తే ఏ వాచ్ అయినా బాగానే పనిచేస్తుంది.

కంప్యూటర్ అనేది కళ్ళముందు డబ్బాలా కూర్చోకుండా చుట్టూ ఉన్న వస్తువుల్లో కలిసిపోవాలి అని జిరాక్స్ పార్క్ ల్యాబ్‌లో పనిచేసిన మార్క్ వైజర్ 1991లోనే రాశాడు. దాన్నే యుబిక్విటస్ కంప్యూటింగ్ అన్నారు, అదే ఆలోచన ఆటల్లోకి వస్తే యుబిక్విటస్ గేమింగ్, అంటే వీధి, పార్కు, బస్టాండు, మనం రోజూ తిరిగే చోటే ఆట స్థలం. మొదట్లో దీన్ని చాలా బరువుగా చేశారు. 2000లో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా వాళ్ళు ఏఆర్‌క్వేక్ అని చేశారు, వీపు మీద బ్యాగులో కంప్యూటరు, తలకి డిస్‌ప్లే, జీపీఎస్, అవన్నీ మోసుకుంటా క్యాంపస్‌లో తిరిగి లేని రాక్షసుల్ని కాల్చాలి. సింగపూర్‌లో హ్యూమన్ ప్యాక్‌మన్ కూడా ఇట్లాంటిదే. ఇవి రీసెర్చ్‌కి గొప్పవి, కానీ మన మే నెల ఎండలో అంత సరంజామా వీపున వేసుకుని ఎవరు తిరుగుతారు? తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చి ఆ బ్యాగులో ఉన్నదంతా జేబులో పెట్టేసింది. ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరుగుతా ఆడే ఆటలు వచ్చాయి, 2012లో ఇన్‌గ్రెస్ మొదలైంది, 2016 జూలైలో పోకెమాన్ అనే బొమ్మ జీవుల్ని వెతికి పట్టుకునే పోకెమాన్ గో వచ్చింది, ఇండియాలో అఫీషియల్‌గా అదే ఏడాది డిసెంబర్‌లో జియోతో కలిసి లాంచ్ చేశారు. బరువు సమస్య పోయింది, ఆ స్థానంలో తల దించుకుని నడిచే సమస్య వచ్చి కూర్చుంది.

ఆ తల దించుకోవడాన్ని తగ్గించడానికే ఆ గేమ్ చేసిన నియాంటిక్ కంపెనీ, నింటెండో కలిసి 2016 సెప్టెంబర్‌లో పోకెమాన్ గో ప్లస్ అనే చిన్న పరికరం తెచ్చాయి. వేరబుల్ గేమ్ డిజైన్ గురించి మాట్లాడాలంటే దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దాంట్లో ఏం పెట్టారు అనే దానికన్నా ఏం తీసేశారు అనేది చాలా నేర్పిస్తుంది. స్క్రీన్ లేదు. ఒక బటన్, రంగులు మారే ఒక లైటు, ఒక వైబ్రేషన్ మోటారు, లోపల సీఆర్2032 అనే రూపాయి బిళ్ళంత బ్యాటరీ, ఫోన్‌తో బ్లూటూత్ కనెక్షన్. దగ్గర్లో పోకెమాన్ ఉంటే వణికి ఆకుపచ్చగా వెలుగుతుంది, పోకేస్టాప్, అంటే ఆట సరుకులు దొరికే చోటు అయితే నీలం, బటన్ నొక్కితే ప్రయత్నం చేస్తుంది, దొరికితే రంగురంగులుగా, తప్పించుకుంటే ఎర్రగా. అంతే. ఏ పోకెమాన్ వచ్చిందో సరిగ్గా తెలీదు, దాన్ని పట్టడానికి ఏ బాల్ వెయ్యాలో ఎంచుకోలేరు, ఒక్కసారే వేస్తుంది, తప్పితే అది పారిపోతుంది. అంటే ఆటలోని నైపుణ్యం అంతా తీసేసి, నడిచే మనిషికి ఒక్క నిర్ణయం మాత్రం మిగిల్చారు, ఇప్పుడు నొక్కాలా వద్దా. చాలామంది దీన్ని సగం ఆట అని తీసిపారేశారు గానీ ఆ సగం సరిగ్గా రోడ్డు మీద ఆడగలిగిన సగం, మిగతాది ఇంటికెళ్ళి కూర్చుని ఆడుకోవచ్చు. ఇట్లా ఆటని రెండు ముక్కలు చేసుకుని ఏది నడకలోకి వస్తుంది, ఏది కూర్చున్నప్పటికి ఆగుతుంది అని తేల్చుకోవడమే ఈ డిజైన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పని.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే గేమ్‌లో ఉంది. 2016 డిసెంబర్‌లో యాపిల్ వాచ్ కోసం యాప్ ఇచ్చారు, వాచ్‌కి మంచి స్క్రీన్ ఉంది, టచ్ ఉంది, అయినా 2019 జూలైలో దాన్ని ఆపేశారు. ఆ మధ్యలో 2018 చివర్లో అడ్వెంచర్ సింక్ అనే ఫీచర్ వచ్చింది, గేమ్ ఓపెన్ చెయ్యకపోయినా ఫోన్ లెక్కపెట్టిన నడకని గేమ్ తీసుకుంటుంది, దాంతో వాచ్‌లో చూస్తా నడవాల్సిన అవసరం చాలామందికి పోయింది. అసలు వాచ్ స్క్రీన్ మీద ఆట ఎందుకు కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్ ప్రకారం వేలితో నొక్కే బటన్ కనీసం సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. మామూలు వాచ్ స్క్రీన్ అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లు, అంటే పక్కపక్కన మూడు బటన్లు పెట్టేసరికి నిండిపోతుంది, దాని మీద వేలు పెడితే సగం స్క్రీన్ వేలి కిందే దాక్కుంటుంది. టార్గెట్ చిన్నదైతే, దూరమైతే దాన్ని అందుకోడానికి టైం ఎక్కువ పడుతుందని పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లోనే లెక్కగట్టి చూపించాడు, అది కూర్చున్న మనిషికి. ఎక్కుతా ఉన్న మనిషికి చెయ్యి ఊగుతుంది, వేలికి చెమట, ఆ వేలికే పసుపు కుంకుమ అంటుకుని ఉంటే టచ్ స్క్రీన్ ఇంకా మొరాయిస్తుంది. తడిమితే తెలిసిపోయే ఒక గట్టి బటన్, చూడకుండా నొక్కగలిగేది, టచ్ స్క్రీన్‌కన్నా వెయ్యి రెట్లు నయం ఇక్కడ.

బటన్ కూడా వద్దు, చెయ్యి ఊపితే చాలు అనే ఆలోచన డిజైనర్లకి బాగా ఇష్టం, డెమోలో చూడ్డానికి బాగుంటుంది మరి. వాచ్‌లోనో ఉంగరంలోనో ఉన్న యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ కలిసి చేతి కదలికని పట్టుకుంటాయి, అంతవరకు ఓకే. కానీ మనుషులు రోజంతా చేతులు కదిలిస్తానే ఉంటారు కదా. దారిలో గుడి కనపడితే దణ్ణం పెట్టుకుంటారు, గోవిందా అంటా చేతులు పైకెత్తుతారు, భజన బృందం పక్కన పోతే చప్పట్లు కొడతారు, కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంటారు. వీటిల్లో ఏది ఆట, ఏది మామూలు పని అని యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? తాకిందల్లా బంగారమైపోయే రాజు కథ పేరు మీద రీసెర్చ్‌లో దీన్ని మైడాస్ టచ్ సమస్య అంటారు. దీనికి మందు ఏంటంటే ఆట సైగకి ముందు ఒక తాళం సైగ పెట్టడం, మణికట్టు రెండుసార్లు గట్టిగా తిప్పితేనే ఆట వింటుంది అన్నట్టు. ఆ తాళం సైగ ఎంచుకునేటప్పుడు ఎక్కడివాళ్ళు ఆడతారో చూసి ఎంచుకోవాలి, వేరే దేశంలో ఎవరూ చెయ్యని సైగ ఇక్కడ నిమిషానికోసారి చేసేది అయ్యుండొచ్చు, రెండు అరచేతులు కలపడం ఒక్కటి చాలు ఉదాహరణకి. ఇంకోటి, చెయ్యి గాల్లో ఎత్తి పట్టుకునే సైగలు ఐదు నిమిషాలకే భుజం లాగేస్తాయి, మెట్లెక్కి అప్పటికే అలిసిపోయినవాళ్ళని ఇంకా అలిసిపొమ్మనడం అన్యాయం.

ఇక గేమ్ మనిషికి కబురు చెప్పే వైపు చూస్తే, కళ్ళు దారికి వదిలేస్తే మిగిలేవి చర్మం, చెవి. చర్మంలో వైబ్రేషన్‌ని పట్టే నరాల చివరలు 250 హెర్ట్జ్, అంటే సెకనుకి 250 అదురుల దగ్గర్లో బాగా స్పందిస్తాయి, అందుకే వాచ్‌ల్లో వాడే మంచి మోటార్లు సుమారు 200 హెర్ట్జ్ దగ్గర అదిరేట్టు చేస్తారు, చవక బ్యాండ్లలో ఉండే గుండ్రంగా తిరిగే మోటారు మొదలవడానికీ ఆగడానికీ టైం తీసుకుంటుంది కాబట్టి రెండు చిన్న కొట్టుళ్ళు ఇస్తే ఒక పొడుగు గుయ్‌మనే వణుకులా తెలుస్తుంది. చర్మం అన్నిచోట్లా ఒకేలా ఉండదు కూడా. వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో రెండు చోట్ల తాకినా రెండూ వేరు అని తెలుస్తుంది, ముంజేతి మీద ఆ దూరం సుమారు 4 సెంటీమీటర్లు ఉండాలి. అంటే మణికట్టు బ్యాండ్‌లో నాలుగు మోటార్లు దగ్గర దగ్గరగా పెట్టి ఎడమ, కుడి, ముందు, వెనక అని చెప్పిద్దాం అనుకుంటే ఖర్చే తప్ప ఫలితం తక్కువ. పైగా కదిలే శరీరానికి స్పర్శ మొద్దుబారుతుంది, కూర్చున్నప్పుడు స్పష్టంగా తెలిసిన వణుకు మెట్టెక్కేటప్పుడు తెలీకుండా పోతుంది. కాబట్టి ఒకటి చిన్నది, ఒకటి పొడుగు, ఒకటి రెండుసార్లు, ఇట్లా మూడు నాలుగు రకాలు మించకుండా పెట్టి, ఒక్కోదానికి ఒక్క అర్థం ఇవ్వడం మేలు. మనిషి స్థిరపడ్డాక, అంటే ఆగి ఆయాసం తీర్చుకునేటప్పుడు కబురు చెప్పడం ఇంకా మేలు, ఆగాడా నడుస్తున్నాడా అనేది యాక్సిలరోమీటర్‌కి ఎట్లాగూ తెలుసు.

చెవి చాలా ధనవంతమైన దారి. 2012లో వచ్చిన జోంబీస్, రన్! అనే గేమ్ మొత్తం చెవిలోనే నడుస్తుంది, పరిగెత్తేవాళ్ళకి రేడియోలో కథ చెప్పినట్టు చెప్పి వెనకాల ఎవరో తరుముతున్నట్టు చేస్తుంది, స్క్రీన్ చూడాల్సిన పనే లేదు. కానీ రెండు చెవులూ మూసేసే ఇయర్‌బడ్స్ పెట్టుకుని తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటడం, బస్టాండు ముందు ఆటోల మధ్య నడవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కొండ దారిలో అయితే ఇంకో భయం ఉంది, 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయింది, ఆ తర్వాత పిల్లల్ని మధ్యాహ్నం దాటాక నడకదారిలో పంపకుండా ఆంక్షలు పెట్టారు, నడిచేవాళ్ళకి కర్రలిచ్చారు. ఇట్లాంటి చోట చెవిని పూర్తిగా ఆటకి ఇచ్చెయ్యమనే డిజైన్ తప్పు, అది ఎంత బాగున్నా తప్పే. ఒక్క చెవికి, లేదా చెవి రంధ్రం మూయకుండా ఎముక ద్వారా శబ్దం పంపే రకం హెడ్‌సెట్‌కి సరిపడా రాయాలి ఆడియోని.

ఒంటి మీద ఎక్కడ పెట్టాలి అనే దానిమీద 1998లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పని ఇప్పటికీ ఆధారం. నడిచేటప్పుడు అడ్డం రాని, కదలిక తక్కువున్న, మనిషి మనిషికీ సైజు పెద్దగా మారని చోట్లు ఏవో వెతికి మెడ చుట్టూ, భుజం కింద చేతి వెనక, ముంజెయ్యి, పక్కటెముకలు, నడుము, తొడ, పిక్క ముందు భాగం, పాదం పైభాగం అని చెప్పారు. ఆ మ్యాప్ సరైనదే, కాకపోతే దాని మీద మన బట్టలు, నగలు, అలవాట్లు కూడా గీసుకోవాలి. షూలో పెట్టే సెన్సర్లు నడక ఆటలకి చాలా బాగా పనిచేస్తాయి అంటారు, చెప్పులు కిందే వదిలేసి ఎక్కేవాళ్ళకి షూ ఎక్కడిది? చీరకి జేబు లేదు, పంచెకి లేదు, అందుకే జేబులో పెట్టే క్లిప్ పరికరాలు కొంగులోకో సంచిలోకో పోతాయి, సంచిలో పడ్డ పరికరం వణికినా ఎవరికీ తెలీదు. మణికట్టు నిండా గాజులున్న చేతికి బ్యాండ్ కడితే గాజులు దానికి తగిలి యాక్సిలరోమీటర్‌లో అనవసరమైన అదురు కలుస్తుంది, అడుగుల లెక్కలో తేడా రావచ్చు. మరి ఎక్కడ? ఆడవాళ్ళకి కాలి పట్టీలు ఉన్నాయి, చీలమండ దగ్గర అడుగు సిగ్నల్ మణికట్టుకన్నా చాలా శుభ్రంగా వస్తుంది. మగవాళ్ళకి మొలతాడు ఉంది, నడుము దగ్గర కదలిక నిలకడగా ఉంటుంది, చెమటకి అలవాటైన చోటు. ఇవి తరతరాలుగా ఒంటి మీద ఇబ్బంది లేకుండా ఉన్న చోట్లు, వాటిని వదిలేసి అందరికీ మణికట్టు వాచే అనడం సోమరితనం.

మెట్లు ఎక్కడాన్ని లెక్కపెట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. అడుగుల కౌంటర్ ఒక లయలో వచ్చే ఊపుల్ని లెక్కపెడుతుంది, కమ్మీ పట్టుకున్న చెయ్యి ఊగదు, ప్రతి మెట్టుకీ వంగి కుంకుమ పెట్టే మనిషి కదలికలో ఆ లయే ఉండదు, పాపం రోజంతా కష్టపడ్డవాళ్ళకి వాచ్ తక్కువ చూపిస్తుంది. దీనికి గాలి ఒత్తిడి సెన్సర్ సాయపడుతుంది, ఒక మీటరు ఎత్తుకి ఒత్తిడి దాదాపు 12 పాస్కల్స్ తగ్గుతుంది, అది నేటి చిన్న సెన్సర్లకి అందుతుంది, కాబట్టి ఎంత ఎక్కారు అనేది అడుగులకన్నా నిజాయితీగా చెప్పొచ్చు. గుండె వేగాన్ని కొలిచే పచ్చ లైటు సెన్సర్ మీద మాత్రం జాగ్రత్త, బ్యాండ్ వదులైనా, చెయ్యి కదిలినా, చెమట పట్టినా తప్పుతుంది, ముదురు రంగు చర్మంలో ఆ పచ్చ వెలుతురు ఎక్కువ ఇంకిపోయి సిగ్నల్ బలహీనపడుతుంది. అసలు గుండె వేగం ఎక్కువైతే ఎక్కువ పాయింట్లు అనే రూలు ఇట్లాంటి ఆటలో ఉండనే కూడదు. ఎక్కేవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు ఎంతోమంది, వాళ్ళని పాయింట్ల కోసం ఆగకుండా ఎక్కించే గేమ్ ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే. మండపం దగ్గర కూర్చుని గుండె నెమ్మదించాక బహుమతి ఇచ్చే గేమ్ రాయడం కూడా అంతే తేలిక, అదే సెన్సర్, అదే కోడ్, రూలు మాత్రం తిరగేసింది.

బ్యాటరీ, సిగ్నల్ గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. సీఆర్2032లో సుమారు 220 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయి, ఫోన్‌లో 5000 దాకా, కాబట్టి ఒంటి మీది పరికరం ఎక్కువసేపు నిద్రపోతా అప్పుడప్పుడు లేచే పద్ధతిలోనే ఉండాలి. శేషాచలం అడవిలో చెట్ల కింద, కొండ పక్కన జీపీఎస్ తప్పు చూపిస్తుంది, పైకి పోయాక దర్శనానికి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకెళ్ళనివ్వరు, కౌంటర్లో ఇచ్చెయ్యాలి. అంటే ఆట ఎన్నోసార్లు తెగుతుంది. తెగడాన్ని లోపంలా దాచిపెట్టకుండా ఆటలో భాగం చెయ్యొచ్చని 2001లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బ్లాస్ట్ థియరీ అనే ఆర్టిస్టుల గ్రూపు, నాటింగ్‌హాం యూనివర్సిటీ ల్యాబ్ కలిసి చేసిన క్యాన్ యూ సీ మీ నౌ? చూపించింది. వీధుల్లో నిజంగా పరిగెత్తేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఉన్న ఆటగాళ్ళని తరమాలి, ఏ వీధిలో జీపీఎస్ సరిగ్గా దొరకదో పరిగెత్తేవాళ్ళు నేర్చుకుని దాన్నే ఎత్తుగడగా వాడుకున్నారు. 2009లో నింటెండో ఇచ్చిన పోకేవాకర్ ఇంకా సింపుల్, ఆడే యంత్రం ఇంట్లోనే ఉంటుంది, నడుముకి తగిలించుకున్న చిన్న గుండ్రటి పరికరం నడకని దాచుకుని ఇంటికొచ్చాక ఇన్‌ఫ్రారెడ్‌తో ఇచ్చేస్తుంది. నెట్ లేకపోతే పనిచెయ్యని నేటి యాప్‌లకన్నా అది కొండ దారికి బాగా సరిపోయే ఆలోచన.

ఇప్పుడు పక్కవాళ్ళ సంగతి, అంటే ఆడనివాళ్ళ సంగతి. వేరబుల్ ఆటల మీద వచ్చే రాతల్లో ఇది తక్కువ కనపడుతుంది గానీ ఆట వీధిలోకి వచ్చాక మొదటి హక్కు వీధిలో ఉన్నవాళ్ళది. 2013లో గూగుల్ గ్లాస్ వచ్చినప్పుడు దాన్ని పెట్టుకున్న మనిషి రికార్డ్ చేస్తున్నాడా లేదా అని ఎదుటివాళ్ళకి తెలీలేదు, ఆ అనుమానమే దాని మీద జనానికి విసుగు తెప్పించింది. ఎవరికీ కనపడకుండా కలిసిపోయిన టెక్నాలజీ గొప్పదని అందరూ అంటారు, వీధి ఆటలో మాత్రం అది పూర్తిగా నిజం కాదు. తిరుపతి వాళ్ళకి ఇది ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు, ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర చూస్తే చాలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకో వేషం, ఒకరోజు నామకొమ్ము పూసుకుని, ఇంకోరోజు కుంకుమ, మరోరోజు బొగ్గు పూసుకుని వేపాకు కట్టుకుని జనం వీధుల్లోకి వస్తారు. వేషంలో ఉన్న మనిషి నోటికొచ్చినట్టు తిట్టినా ఎవరూ కొట్లాటకి దిగరు, ఎందుకంటే ఒంటి మీది రంగే చెప్పేస్తుంది ఈయన ఇప్పుడు వేరే నియమాల్లో ఉన్నాడు అని. వేషం కడిగేస్తే ఆ అనుమతి కూడా పోతుంది. వీధి గేమ్‌కి కట్టుకునే పరికరం కూడా ఈ పని చెయ్యాలి, ఆడుతున్నప్పుడు దూరం నుంచి కనపడే రంగు లైటో బట్టో ఉండాలి, ఆట ఆపితే అది ఆరిపోవాలి. అప్పుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి పరిగెత్తే కుర్రోణ్ణి చూసి దుకాణం వాళ్ళు దొంగ అనుకోరు.

కొండ దారిలో ఆట ఆడొచ్చా అనే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. 2016లో పోకెమాన్ గో ఆటలో దొరికే బొమ్మ గుడ్లు గుళ్ళలో కనపడుతున్నాయని, అది భక్తుల మనోభావాలకి దెబ్బ అని గుజరాత్ హైకోర్టులో పిల్ వేశారు, అమెరికాలో నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మారకమైన వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియం వాళ్ళు తమ దగ్గర ఆడొద్దని కోరారు. ఎక్కడో సర్వర్‌లో కూర్చున్నవాళ్ళు మ్యాప్ మీద చుక్క పెట్టేస్తే ఇక్కడ ఒక పవిత్రమైన చోటు ఆట స్థలం అయిపోతుంది, ఆ చోటువాళ్ళని ఎవరూ అడగలేదు. తిరుమల లాంటి చోట రాక్షసుల్ని పట్టుకునే ఆట పెట్టడం సరికాదు, ఇందులో రెండో మాట లేదు. ఆలయ పరిసరాల్లోకి రాగానే పరికరం తనంతట తానే నిద్రపోవాలి, వైబ్రేషన్ కూడా ఆగాలి. నడకని లెక్కపెట్టి, నీళ్ళు తాగమని, కాసేపు కూర్చోమని గుర్తు చేస్తా, పిల్లలకి ఏ మెట్టు దగ్గర ఉన్నామో చెప్పే నెమ్మదైన ఆట అయితే కొండ దారిలో ఎవరికీ అభ్యంతరం ఉండకపోవచ్చు, కానీ అదీ అక్కడివాళ్ళని అడిగాకే. వేటాడే, తరుముకునే ఆటలకి ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ లాంటి ఖాళీ చోట్లు ఉన్నాయి, పొద్దున పూట అక్కడ ట్రాఫిక్ కూడా తక్కువ. బండి మీద ఉన్నప్పుడు మాత్రం ఏ ఆటా వద్దు, వేగం పెరిగితే పోకెమాన్ గో నేను ప్రయాణికుణ్ణి అని నొక్కమంటుంది, అబద్ధం చెప్పి నొక్కేవాళ్ళూ ఉంటారు, కాబట్టి అడగకుండా ఆపేసేదే మంచి డిజైన్.

ఇదంతా చెయ్యడానికి పెద్ద కంపెనీ కావాలని లేదు. ఐఐటీ తిరుపతిలోనో, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో, చిత్తూరు చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనో ప్రాజెక్టు చేసే పిల్లలకి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ చిప్ బోర్డు, ఒక మోషన్ సెన్సర్, ఒక వైబ్రేషన్ మోటారు, ఒక బటన్ ఉంటే మొదటి నమూనా వచ్చేస్తుంది. ఈఎస్‌పీ32 కాస్త ఎక్కువ కరెంటు తింటుంది, ఆట నచ్చాక తక్కువ కరెంటు తినే చిప్‌కి మారొచ్చు. సాఫ్ట్‌వేర్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు కూడా, ఒకళ్ళు పట్టీకి మోటారు కట్టుకుని మెట్లెక్కుతా ఉంటే ఇంకొకళ్ళు వెనక నడుస్తా ఫోన్‌లోంచి వణుకులు పంపి, ఎన్ని తెలిశాయి, ఎన్ని తెలీకుండా పోయాయి అని రాసుకుంటే చాలు. ఆ పరీక్ష ఇరవై ఏళ్ళ స్నేహితుల మీద మాత్రమే చెయ్యకూడదు. చీర కట్టుకున్న అమ్మమ్మతో, చంకలో బిడ్డ ఉన్న తల్లితో, కమ్మీ పట్టుకుని ఎక్కే తాతతో, వాళ్ళు ఒప్పుకుంటేనే, చెప్పుల్లేకుండా, చేతిలో సంచితో చెయ్యాలి, వాళ్ళకి తెలీని వణుకుని డిజైన్‌లోంచి తీసెయ్యాలి.